రియో గ్రాండే వ్యాలీలో అమ్మతో నాలుగు రోజులు: పిట్టల ట్రిప్ కబుర్లు, మార్చిలో వెళ్లేవాళ్లకి సలహాలు

గోదారి పిట్ట (డాలస్) | జనవరి 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. అమ్మ ఆరు నెలలుగా మా దగ్గరే ఉంది, మార్చి మొదట్లో తిరిగి వెళ్లిపోతుంది. మాల్స్, గుళ్లు, ఫ్రెండ్స్ ఇళ్లు అన్నీ తిప్పాం. ఆవిడకి వాటన్నిటికంటే వంటింటి కిటికీ ముందు కూర్చుని పెరట్లోకొచ్చే ఎర్ర కార్డినల్ని చూడడమే ఇష్టం. అందుకని ఈ లాంగ్ వీకెండ్‌కి ఇంకోరోజు సెలవు కలిపి, టెక్సాస్ కొసన మెక్సికో సరిహద్దు వెంబడి ఉన్న అభయారణ్యాలకి తీసుకెళ్లాం. నేనూ, మావారూ, తొమ్మిదేళ్ల బాబూ, అమ్మా.

వ్యాలీ అంటారు గానీ అక్కడ కొండా లేదు, లోయా లేదు. రియో గ్రాండే నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన డెల్టా. కారు మెకాలెన్ చేరగానే కాలవలు, గట్లు, నారింజ తోటలు చూసి అమ్మ "ఇది మన కోనసీమే" అంది. హిడాల్గో, కామెరన్, స్టార్, విల్లసీ అని నాలుగు కౌంటీలు. ఇక్కడ ఇప్పటిదాకా 500కి పైగా జాతుల పక్షులు నమోదయ్యాయి. ఉత్తరాన మంచు ప్రాంతాల నుంచి దిగేవీ, మెక్సికో నుంచి పైకొచ్చేవీ ఇక్కడే కలుస్తాయి. మెక్సికో పిట్టల్లో చాలావాటికి ఇదే ఉత్తరపు హద్దు. అమెరికాలో ఇంకెక్కడా వీటిని చూడలేం.

మొదటిరోజు వెస్లాకోలోని ఎస్తెరో యానో గ్రాండే స్టేట్ పార్కు. చిన్నదే, కానీ నీటి గుంటల పక్కన పెద్ద చెక్క అరుగు ఉంది, దాని మీద కూర్చుంటే పిట్టలే మన దగ్గరికొస్తాయి. నల్లపొట్ట విజిలింగ్ బాతులు, బుల్లి గ్రీబులు (అమ్మ "మునుగుడు కోడి!" అని చెయ్యి చాపింది), చిలుకపచ్చ రెక్కల చిన్న లకుముకి. అక్కణ్ణుంచి ఎలిగేటర్ లేక్ వైపు కాలిబాటలో పరాకీ కోసం వెళ్లాం. రాత్రి తిరిగే పిట్ట అది, పగలంతా నేలమీద ఎండుటాకుల్లో పడుకుంటుంది. అక్కడ అప్పటికే ముగ్గురు పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు. "అదిగో, ఆ కొమ్మ కింద" అని చూపిస్తున్నారు. మావారికి కనపడలేదు. నాకు బైనాక్యులర్స్‌లో కూడా ఆకులే కనిపించాయి. అమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని రెండు నిమిషాలు కదలకుండా నిలబడింది. తర్వాత మెల్లిగా "ఆకుకి రెప్ప ఉంటుందా?" అంది.

అప్పుడు కనిపించింది నాకూ. మాకు ఆరడుగుల దూరంలో ఉంది. గోధుమరంగు, బూడిదరంగు, నల్లటి చుక్కలు, అచ్చం ఎండిన మెస్కీట్ ఆకులూ పుల్లలూ కలిపి నేసినట్టు. కన్ను గీతలా మూసుకుని ఉంది, ఆ గీత ఒక్కటే ఆకు కాదు. ముక్కు పక్కన మీసాల్లాంటి సన్నటి వెంట్రుకలు గాలికి కదిలాయి. "పరాకుగా చూస్తే దొరకదు, సరైన పేరే పెట్టారు" అంది అమ్మ. అది స్పానిష్ పేరని చెప్పాను. అయినా మా ఇంట్లో ఇక దానికి అదే అర్థం.

రెండోరోజు శాంటా ఆనా, మూడోరోజు సాలినేన్యో, నాలుగోరోజు పొద్దున్న బెంట్సన్ చూసుకుని తిరుగు ప్రయాణం. వాటి గురించి రేపు రాస్తాను, బాబుని పడుకోబెట్టాలి. మొత్తం 84 జాతులు చూశాం.

---

కెమెరా మావయ్య (ఆస్టిన్) | జనవరి 22, రాత్రి 10:15

చాలా బాగా రాశారండి. కానీ నాలుగు రోజులకి 84 అంటే తక్కువే. వ్యాలీలో వరల్డ్ బర్డింగ్ సెంటర్ పేరుతో తొమ్మిది చోట్లున్నాయి: రోమా బ్లఫ్స్ నుంచి సౌత్ పాడ్రే ఐలాండ్ దాకా. నేను రెండేళ్ల క్రితం మూడు రోజుల్లో ఎనిమిది చూశాను, 141 వచ్చాయి. తెల్లవారకముందే బయల్దేరాలి, ఒక్కోచోట గంటన్నర మించి ఉండకూడదు. ఎంత దూరం నుంచి వెళ్తామో తెలుసు కదా, డాలస్ నుంచి 500 మైళ్లు. అంత దూరం వెళ్లి ఒక్కచోటే పూట గడిపేస్తే ఎలా?

---

వరంగల్ బిడ్డ (శాన్ ఆంటోనియో) | జనవరి 22, రాత్రి 10:50

అక్కా, మేము కూడా మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి అనుకుంటున్నాం. ఒక్క విషయం టెన్షన్‌గా ఉంది. మేము హెచ్-1 (ఉద్యోగ వీసా) మీద ఉన్నాం. ఇంత బార్డర్ పక్కన తిరుగుతుంటే ఎవరైనా ఆపుతారా? అమ్మగారు విజిటర్ వీసా కదా, ఏమైనా అడిగారా? పాస్‌పోర్టులు తీసుకెళ్లాలా, ఫోన్‌లో ఫొటోలుంటే సరిపోతుందా?

---

మెకాలెన్ డాక్టరమ్మ | జనవరి 23, ఉదయం 6:05

మా ఊరొచ్చి వెళ్లిపోయారా గోదారి పిట్ట గారూ! ముందే తెలిస్తే అమ్మగారిని భోజనానికి పిలిచేదాన్ని. ఇక్కడ ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లం చాలామందిమే ఉన్నాం, పండక్కి కలుస్తుంటాం.

వరంగల్ బిడ్డ గారూ, ఒరిజినల్ పాస్‌పోర్టులే తెచ్చుకోండి, ఫోటోలు కాదు. వీసా పేజీ, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు, హెచ్-1 అయితే ఐ-797 (ఆమోద పత్రం) కూడా. గ్రీన్ కార్డు ఉంటే కార్డు జేబులోనే ఉండాలి. వ్యాలీకి వచ్చేటప్పుడు చెక్‌పోస్టులుండవు. ఉత్తరానికి తిరిగి వెళ్లేటప్పుడు 281 హైవే మీద ఫాల్ఫూరియాస్ దగ్గర, 77 హైవే మీద సరీటా దగ్గర చెక్‌పోస్టులున్నాయి, ప్రతి కారూ అక్కడ ఆగాల్సిందే. కుక్క ఒకటి కారు చుట్టూ తిరుగుతుంది, ఆఫీసరు ఒకటి రెండు ప్రశ్నలడుగుతారు, అంతే. మేం పదేళ్లుగా నెలకోసారి దాటుతున్నాం.

ఇంకోమాట. జీపీఎస్ పెట్టుకుని వంతెనల దగ్గర జాగ్రత్త. "ఇంటర్నేషనల్ బ్రిడ్జ్" అన్న బోర్డు దాటి లేన్‌లోకి వెళ్తే మళ్లీ వెనక్కి తిరగడానికి చోటుండదు, మెక్సికో చేరిపోతారు. పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర (స్టాంపింగ్) ఇంకా పడనివాళ్లకి అది చిన్న పొరపాటు కాదు.

---

గోదారి పిట్ట (డాలస్) | జనవరి 23, రాత్రి 8:30

డాక్టరమ్మ గారూ, ఈసారి తప్పకుండా కలుస్తాం. వరంగల్ బిడ్డా, ఆవిడ చెప్పినట్టే జరిగింది. ఫాల్ఫూరియాస్ దగ్గర అమ్మ పాస్‌పోర్ట్ ఒళ్లో పెట్టుకుని ఇరవై మైళ్ల ముందు నుంచీ సిద్ధంగా కూర్చుంది. ఆఫీసరు పేజీ చూసి, ఎక్కడికెళ్లొస్తున్నారని అడిగాడు. బాబు వెనక సీట్లోంచి పక్షుల పేర్లు చెప్పడం మొదలెట్టాడు. ఆయన నవ్వి పొమ్మన్నాడు. నిమిషం కూడా పట్టలేదు.

కెమెరా మావయ్య గారూ, మీ లెక్క నాకు అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను. శాంటా ఆనా సంగతి చెబుతాను వినండి.

1943లో ఏర్పడిన అభయారణ్యం అది, 2,088 ఎకరాలు. విసనకర్రలా పరుచుకున్న పొలాల మధ్య మిగిలిన అడవి ముక్క. చెట్లకి బూడిదరంగు స్పానిష్ మాస్ జటల్లా వేలాడుతుంది, లోపలికెళ్తే ఎండ కూడా ఆకుపచ్చగానే ఉంటుంది. చెట్ల కొమ్మల మధ్యనుంచి తాళ్ల వంతెన, దాని తర్వాత ఎత్తైన టవర్. అమ్మ వంతెన ఎక్కనంది, మేం ముగ్గురం వెళ్లొచ్చాం. పైనుంచి నది కనిపించింది, అవతల మెక్సికో. రెండువైపులా ఒకే రకం చెట్లు.

మేం దిగొచ్చేసరికి అమ్మ బెంచీ మీద కూర్చుని పైకి చూస్తోంది. ఆకుల్లేని కొమ్మ చివర్నించి సంచీలా ఒక గూడు వేలాడుతోంది. మూరకి పైనే పొడుగు, పీచూ గడ్డీ అల్లి, పైన మూతి. "ఇక్కడా గిజిగాడున్నాడు" అంది. గిజిగాడు కాదు, ఆల్టమీరా ఓరియోల్ గూడు, పోయిన వేసవిది. మన గిజిగాడి గూళ్లు తాటిచెట్టుకో తుమ్మకో గుంపుగా ఉంటాయి కదా, ఇది ఒంటరి. అమ్మ ఆ తేడా కూడా పట్టేసింది. "వీళ్లకి చుట్టుపక్కల వాళ్లతో పడదేమో" అని అడిగింది. మూడు గంటలు ఆ ఒక్క మలుపు దగ్గరే గడిపాం. ఆ మూడు గంటల్లో ఆలివ్ స్పారో, పొడుగు ముక్కు త్రాషర్, తెల్లకొసల పావురం, చచలాకలు ఒక గుంపు, అన్నీ వాటంతట అవే బాట దాటి వెళ్లాయి. గంటన్నరకే లేచిపోయి ఉంటే చచలాకలు దక్కేవి కావు.

---

చెట్టూచేమా (కడప) | జనవరి 24, ఉదయం 5:20 (టెక్సాస్ టైమ్)

నేను అమెరికా రాలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ థ్రెడ్ చదువుతుంటే ఎంతో సంతోషంగా ఉంది, అందుకే రాస్తున్నాను.

మెస్కీట్ అన్నారు చూడండి, అది మన సర్కారు తుమ్మకి దగ్గరి బంధువు. మనకి అది బయటి నుంచి వచ్చి చెరువులనూ బీళ్లనూ ఆక్రమించిన మొండి చెట్టు. అక్కడ అది సొంత చెట్టు. దాని మీద ఆధారపడే పిట్టలు, పురుగులు, జంతువులు వేల ఏళ్లుగా దాంతో కలిసి పెరిగాయి. అలాగే అక్కడ విసాచే అనే ముళ్లచెట్టు ఉంటుంది, మనం కస్తూరి తుమ్మ అంటాం, అదీ అమెరికా నుంచి వచ్చిందే. నాగజెముడూ అంతే. మీ అమ్మగారికి ఆ చోటు కోనసీమలా అనిపిస్తే, నేను చూసి ఉంటే రాయలసీమలా ఉంది అనేవాణ్ణేమో.

ఆ లోయలో మూల అడవిలో 95 శాతానికి పైగా వ్యవసాయానికీ ఊళ్లకీ కొట్టేశారని చదివాను. అందుకే 1979లో నది పొడుగునా తునకలు తునకలుగా భూములు కొని కలుపుకుంటూ మరో అభయారణ్యం మొదలుపెట్టారు. మిగిలిన అడవి ముక్కల మధ్య జంతువులు నడిచి వెళ్లే దారి ఉండాలని. మీరు చూసిన శాంటా ఆనా, బెంట్సన్, అన్నీ ఆ దండలో పూసలు.

ఇంకొక సంగతి. ఆ నది మీద 1950లలో ఫాల్కన్ డ్యామ్ వచ్చాక వరదలు ఆగిపోయాయి. వరద లేకపోతే ఒడ్డు అడవికి నీరందదు. డెల్టా మనుషులకి వరద భయం, డెల్టా చెట్లకి అదే తిండి.

---

సూళ్లూరుపేట వాడు (హ్యూస్టన్) | జనవరి 24, మధ్యాహ్నం 12:40

మాస్టారూ, నీళ్ల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1944లో అమెరికా, మెక్సికో నీళ్ల పంపకం ఒప్పందం చేసుకున్నాయి. మెక్సికో వైపు ఉపనదుల నుంచి అయిదేళ్లకి 17.5 లక్షల ఎకర-అడుగుల (ఎకరంలో అడుగు లోతు నిలిచే నీరు ఒక ఎకర-అడుగు) నీళ్లు ఇవ్వాలి. వానల్లేని ఏళ్లలో అవి రాక గొడవ. కృష్ణా నీళ్ల గొడవలు పేపర్లో చదివి పెరిగినవాళ్లం, అక్కడి రైతు మాట్లాడితే మనకి వెంటనే అర్థమవుతుంది. 2024లో టెక్సాస్‌లో మిగిలిన ఒకే ఒక్క చక్కెర మిల్లు నీళ్లు లేక మూతపడింది, అది ఈ వ్యాలీలోనిదే. శాంటా రోసాలో ఉండేది. చెరుకు తోటలు తీసేశారు.

ఇక నా అసలు మాట. గోదారి పిట్ట గారూ, మీరు సముద్రం వైపు వెళ్లలేదు. వెళ్లాల్సింది. మా ఊరు సూళ్లూరుపేట. చిన్నప్పుడు బస్సులో శ్రీహరికోట రోడ్డు మీద వెళ్తుంటే రెండువైపులా పులికాట్, నీళ్లలో రాజహంసలు. ఆ నీళ్లకి అవతల రాకెట్ కేంద్రం. మొన్న బ్రౌన్స్‌విల్ నుంచి హైవే 4 మీద బోకా చికా వెళ్తుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అదే చదునైన ఉప్పు నేల, అదే వెడల్పాటి ఆకాశం, దూరంగా నిటారుగా రాకెట్లు. ఇవతల నీళ్లలో గుంపులుగా పిట్టలు. లగూనా మాద్రే అని వాళ్ల ఉప్పు సరస్సు, సముద్రం కన్నా ఉప్పన. పులికాట్‌ని సముద్రం నుంచి శ్రీహరికోట దీవి వేరుచేసినట్టే, దీన్ని పాడ్రే ఐలాండ్ వేరుచేస్తుంది.

అక్కడ రాజహంసలు ఉండవు. గులాబీరంగు తెడ్డుమూతి కొంగలుంటాయి, గోధుమ గూడబాతులుంటాయి, ఎర్ర మెడ ఎగ్రెట్ ఉంటుంది. అది చేపకోసం రెక్కలు విప్పి, అటు పరిగెత్తి, ఇటు తిరిగి, నీళ్లలో గెంతుతూ వేటాడుతుంది. అరగంట చూశాను. ఫోటో తియ్యలేదు.

---

కెమెరా మావయ్య (ఆస్టిన్) | జనవరి 24, సాయంత్రం 6:10

సూళ్లూరుపేట తమ్ముడూ, అంతసేపు చూసి ఫోటో తియ్యకపోవడం నాకు బాధగా ఉంది, కానీ మాట మాత్రం చాలా బాగా చెప్పావు. వెళ్లేవాళ్లకి గమనిక: రాకెట్ ప్రయోగాలప్పుడూ కొన్ని పరీక్షలప్పుడూ హైవే 4 మూసేస్తారు. ముందురోజు చూసుకునే బయల్దేరండి.

గోదారి పిట్ట గారూ, చచలాకల సంగతి ఒప్పుకుంటున్నాను. నా 141లో చచలాక ఒక టిక్ మాత్రమే, ఎలా అరిచిందో కూడా గుర్తులేదు.

---

గోదారి పిట్ట (డాలస్) | జనవరి 24, రాత్రి 9:15

చచలాక అరుపు చెప్పనా? గుడి ముందు ఇద్దరు అమ్మలక్కలు ఒకేసారి మాట్లాడుతుంటే మూడో ఆవిడ వచ్చి ఇంకా గట్టిగా మాట్లాడినట్టు. చ-చ-లా-క, చ-చ-లా-క. ఒకటి మొదలెడితే అడవంతా అందుకుంటుంది. పేరే దాని అరుపు. కిస్కడీ అనే పిట్ట కూడా అంతే, "కిస్-క-డీ" అనే అంటుంది. మన తీతువు లాగా.

సాలినేన్యో మాత్రం అందరూ చూడాలి. మెకాలెన్ నుంచి పడమరకి గంటన్నర లోపే. చిన్న పల్లె, దాటి నదివైపు దిగితే ఒడ్డున చిన్న ప్రిజర్వ్. చలికాలం ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చే రిటైరైన జంటలు ట్రెయిలర్లలో ఉండి రోజూ పిట్టలకి మేత పెడతారు. వాళ్లని ఇక్కడ వింటర్ టెక్సన్స్ అంటారట. కుర్చీలు వేసి ఉంటాయి, వచ్చినవాళ్లు కూర్చోవడమే. మొద్దులకి పీనట్ బటర్ కలిపిన ముద్ద రాస్తారు. బత్తాయి, గ్రేప్‌ఫ్రూట్ రెండు చెక్కలు కోసి మేకులకి గుచ్చుతారు. అమ్మ గ్రేప్‌ఫ్రూట్ చూసి "పంపర పనస" అంది.

మేం కూర్చున్న పది నిమిషాలకి ఆల్టమీరా ఓరియోల్ వచ్చింది. ముందు రెండురోజులూ దాన్ని చెట్ల పైనే చూశాం, ఇక్కడ మూడు గజాల దూరంలో. కుంకుమపువ్వు కలిపిన పసుపు ముద్దలాంటి ఒళ్లు, నల్లటి గొంతు. పండు చెక్క అంచు మీద తలకిందులుగా వేలాడి, ముక్కు ఒక్కో తొనలో గుచ్చి, లోపల నోరు తెరిచి రసం తాగింది. అంటే మూసిన ముక్కు పండులోకి పెట్టి, లోపల తెరవడం. రసం ముక్కు కొసన చుక్కలా నిలబడి ఎండకి మెరిసింది, గొంతు కదిలింది, చుక్క జారి ఆకు మీద పడింది. మా బాబు ఊపిరి బిగబట్టేశాడు.

దాని వెనకే గ్రీన్ జేలు దండయాత్రలా వచ్చాయి. నీలం తల, నల్ల గొంతు, పచ్చటి వీపు, పసుపు తోక అంచులు. అమ్మ వాటి నడక, తల తిప్పడం, పక్కదాని నోట్లోది లాక్కోవడం చూసి, "ఎన్ని రంగులేసినా ఇది కాకే" అంది.

---

చెట్టూచేమా (కడప) | జనవరి 24, రాత్రి 11:50 (టెక్సాస్ టైమ్)

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. జే పక్షులు కాకి కుటుంబమే. పుస్తకం చూడకుండా నడత చూసి కుటుంబం చెప్పడం అందరివల్లా కాదు.

ఇలాంటి కళ్లున్న మనుషుల గురించి కడప వాడిగా ఒక మాట చెప్పాలి. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందని ప్రపంచమంతా అనుకుంది. 1986 జనవరిలో మా జిల్లాలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తలు ఊళ్లలో బొమ్మ పట్టుకుని అడుగుతూ తిరిగారు. ఊరి జనానికి దాని పేరు తెలుసు, అది తిరిగే చోటు తెలుసు, రాత్రిపూట లైటు వేసి వెతకాలనీ తెలుసు. పరాకీలాగే అదీ రాత్రి తిరిగేది, నేల మీద ముళ్లపొదల్లో ఉండేది. దాని కోసమే లంకమలలో అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా కొంత మార్చారు.

---

వరంగల్ బిడ్డ (శాన్ ఆంటోనియో) | జనవరి 25, ఉదయం 8:20

సార్, మా నాన్నగారు కూడా ఏప్రిల్‌లో వస్తున్నారు. దసరా రోజు పాలపిట్టను చూడటానికి మమ్మల్ని చిన్నప్పుడు చెరువుకట్ట మీదికి తీసుకెళ్లేవారు. ఇది చదివాక ట్రిప్ మార్చి నుంచి ఏప్రిల్‌కి మార్చేద్దామా అనిపిస్తుంది. ఏప్రిల్‌లో వెళ్తే ఏం మిస్సవుతాం? ఇంకా ఒకటి, ఫోన్‌లో మెర్లిన్ అని పిట్టల్ని గుర్తుపట్టే యాప్ ఉంది, దాంట్లో కూత ప్లే చేస్తే పిట్ట దగ్గరికి వస్తదని ఒక ఫ్రెండ్ అన్నాడు. మంచిదేనా?

---

కెమెరా మావయ్య (ఆస్టిన్) | జనవరి 25, ఉదయం 9:05

కూత ప్లే చెయ్యకండి. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. మూడేళ్ల క్రితం వసంతకాలంలో ఒక చిన్న పిట్ట కోసం అదేపనిగా పావుగంట ప్లే చేశాను. అది తన జాగాలోకి ఇంకో మగది వచ్చిందనుకుని గూడు వదిలేసి నా చుట్టూ తిరుగుతూ అరిచింది, ముక్కు తెరిచి రొప్పుతోంది. ఫోటో చాలా బాగా వచ్చింది. ఇంటికొచ్చి పెద్దగా చేసి చూస్తే ముక్కులో గూటికి తీసుకెళ్లాల్సిన పురుగు అలాగే ఉంది. ఆ ఫోటో ఎక్కడా పెట్టలేదు. మెర్లిన్‌ని వినడానికి వాడండి, వినిపించడానికి కాదు.

---

మెకాలెన్ డాక్టరమ్మ | జనవరి 25, మధ్యాహ్నం 1:30

మావయ్య గారూ, ఇది చెప్పినందుకు థాంక్స్.

వరంగల్ బిడ్డ గారూ, ఏప్రిల్ అయితే ఇంకా మంచిది, ఎండ మాత్రం ఎక్కువ. సాలినేన్యోలో మేత పెట్టేవాళ్లు అప్పటికి వెళ్లిపోతారు, అదొక్కటే లోటు. గ్రీన్ జే, కిస్కడీ, చచలాక ఏడాదంతా ఉంటాయి. మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా బ్రాడ్ వింగ్డ్ డేగలు వేల సంఖ్యలో పైకి వెళ్తుంటాయి, బెంట్సన్‌లో డేగల టవర్ ఎక్కితే గాలిలో సుడి తిరుగుతూ ఎత్తుకి లేవడం కనిపిస్తుంది. సౌత్ పాడ్రే ఐలాండ్‌లో ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకా చూడాలి. దక్షిణాది నుంచి సముద్రం మీదుగా ఎగిరొచ్చే చిన్న పిట్టలకి ఎదురుగాలీ వానా తగిలితే అలసిపోయి మొదట కనిపించిన నేల మీదే దిగిపోతాయి. ఒకసారి డ్యూటీ దిగి నేరుగా వెళ్లాను. కన్వెన్షన్ సెంటర్ దగ్గర గడ్డిలో, కాలిబాట మీద, అరచేతిలో పట్టేంత వార్బ్లర్లు, పసుపువి, నారింజవి, నీలంవి, మనుషుల బూట్ల పక్కనే పురుగులు ఏరుకుంటున్నాయి. భయపడే ఓపిక కూడా లేదు వాటికి. అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచించాల్సి వచ్చింది. అలాంటి రోజు వెళ్తే దూరంగా నిలబడండి, పిల్లల్ని పరిగెత్తనివ్వకండి.

సాయంత్రం మెకాలెన్‌లోనే ఉంటే 10వ వీధి మీద కరెంటు తీగలు చూడండి. పచ్చ చిలకలు వందల్లో చేరతాయి, మన రామచిలకల్లాగే గోల. నాన్నగారికి అది చాలు.

---

సూళ్లూరుపేట వాడు (హ్యూస్టన్) | జనవరి 25, రాత్రి 7:45

డాక్టరమ్మ గారూ, సరిహద్దు గోడ సంగతేంటండి? సేబల్ పామ్ అభయారణ్యానికి వెళ్లినప్పుడు ఇనుప కంచె మధ్య సందులోంచి కారు వెళ్లింది. కంచె దాటాక కూడా అమెరికానే. చాలాసేపు అర్థం కాలేదు.

---

మెకాలెన్ డాక్టరమ్మ | జనవరి 25, రాత్రి 10:20

నది మెలికలు తిరుగుతుంది, గోడ దానితో పాటు తిరగలేదు కదా. వరద కట్ట వెంబడి కట్టారు. అందుకే కట్టకీ నదికీ మధ్య పొలాలు, ఇళ్లు, అడవులు "గోడ అవతలి అమెరికా"గా మిగిలిపోయాయి. సేబల్ పామ్ అలాంటిదే. 527 ఎకరాలు, ఒకప్పుడు నది పొడుగునా ఉన్న ఈతచెట్టులాంటి సేబల్ తాటివనంలో మిగిలిన కొద్ది భాగం. లోపల 1892లో కట్టిన పాత ప్లాంటేషన్ ఇల్లు ఉంది, చూశారా?

శాంటా ఆనా గుండా గోడ వేస్తారన్నప్పుడు ఇక్కడ చాలామంది రోడ్డు మీదికొచ్చారు. 2018 బడ్జెట్ చట్టంలో ఆ డబ్బుతో శాంటా ఆనాలో కట్టకూడదని రాశారు. తర్వాతి ఏడాది బెంట్సన్‌నీ, పక్కనే ఉన్న సీతాకోకచిలుకల కేంద్రాన్నీ కూడా చేర్చారు. నేను రాజకీయం మాట్లాడను, నా దగ్గరికి అన్ని రకాల పేషెంట్లూ వస్తారు. ఒక్కటి మాత్రం చెప్పగలను. పిట్ట గోడ మీంచి ఎగిరిపోతుంది. ఓసెలాట్ అనే చుక్కల అడవి పిల్లి ఎగరలేదు. ఈ దేశంలో అవి వందకన్నా తక్కువే మిగిలాయి, దాదాపు అన్నీ ఈ దక్షిణ టెక్సాస్‌లోనే. లగూనా అటస్కోసా అభయారణ్యం దగ్గర రోడ్డు కింద వాటి కోసం సొరంగాలు కట్టారు. ఇన్నేళ్లలో నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు, అయినా ఆ రోడ్డు మీద మెల్లిగానే వెళ్తాను.

---

వరంగల్ బిడ్డ (శాన్ ఆంటోనియో) | జనవరి 26, ఉదయం 7:30

అయితే ఏప్రిల్ చివరి వారం ఫిక్స్. నాలుగు రోజులు, నాలుగే చోట్లు: ఎస్తెరో, శాంటా ఆనా, సౌత్ పాడ్రే, బోకా చికా. ఇంకేమైనా తెచ్చుకోవాలా?

---

గోదారి పిట్ట (డాలస్) | జనవరి 26, రాత్రి 8:50

ఫుల్ ప్యాంట్లు, మూసిన బూట్లు. ప్యాంటు కొసలు సాక్సులోకి దోపుకోండి. గడ్డిలో చిగ్గర్స్ అని కంటికి కనపడని పురుగులుంటాయి, కుడితే వారం రోజులు దురద. ఫైర్ యాంట్స్ పుట్టలుంటాయి, నేల చూడకుండా కూర్చోకండి. అమ్మ చెప్పులేసుకుని వెళ్లి ఒక కాలు వాచేలా కుట్టించుకుంది, మేం ముందే చెప్పాల్సింది. నాన్నగారికి మడత కుర్చీ తీసుకెళ్లండి. పులిహోర కట్టుకెళ్లండి, లోపల తినడానికి ఏమీ దొరకదు. కానీ కిస్కడీ ముందు డబ్బా మూత తీయకండి.

---

గోదారి పిట్ట (డాలస్) | మార్చి 19, ఉదయం 7:10

అమ్మ క్షేమంగా ఊరు చేరింది. నిన్న ఫోన్ చేసి మా అందరి క్షేమం అడిగాక, "ఆ ఆకుల్లో పిట్ట ఇంకా అక్కడే ఉందా?" అంది. డాక్టరమ్మ గారూ, మీరు ఎప్పుడైనా వెస్లాకో వైపు వెళ్తే చూసి చెబుతారా?

---

మెకాలెన్ డాక్టరమ్మ | మార్చి 20, రాత్రి 9:00

ఇవాళ సాయంత్రం డ్యూటీ అయ్యాక వెళ్లాను. పది నిమిషాలు వెతికాను. ఉందండి. అదే కొమ్మ కింద, రెండడుగులు ఎడమకి జరిగింది. అమ్మగారికి చెప్పండి.